లెన్సు దాటిన కాంతి ఎంత? వెయ్యి కిరణాలతో తేలని లెక్క

కావలి నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగారు: "సార్, అల్లూరు వైపు రొయ్యల చెరువు గట్లకు ఎల్‌ఈడీ లైటు లెన్సు డిజైన్ చేస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో కాంతి సామర్థ్యం ఒకసారి 86.2 శాతం, ఇంకోసారి 88.1, మరోసారి 87.3 వస్తోంది. లెన్సు మార్చలేదు. ఏది నమ్మాలి?"

మూడింటినీ నమ్మవచ్చు, ఒక్క శాతం అటూ ఇటూ అనుకుంటే. ఎన్ని కిరణాలు వదిలారని అడిగితే వెయ్యి అన్నారు.

డిటెక్టర్ (సాఫ్ట్‌వేర్‌లో కాంతిని లెక్కపెట్టడానికి పెట్టే ఊహా తెర) మీద పడ్డ కాంతిని ఎల్‌ఈడీ విడిచిన కాంతితో భాగిస్తే సామర్థ్యం వస్తుంది. డిటెక్టర్ మీద ఎంత కాంతి పడిందో సాఫ్ట్‌వేర్ తేల్చే తీరు మాత్రం నాకు ఎప్పుడూ అద్భుతంగానే అనిపిస్తుంది. దాని పేరు మాంటే కార్లో పద్ధతి. 1940ల్లో అణు పరిశోధనలో ఉన్న ఉలమ్, వాన్ నాయ్‌మన్ దీన్ని రూపొందించారు. కాంతి వెళ్లే దిక్కులన్నీ లెక్కగట్టడం కుదరదు కాబట్టి, లాటరీ తీసినట్టు కొన్ని కిరణాలను ఎంచి వదిలి, ఎన్ని చేరాయో చూస్తుంది.

నెల్లూరులో ధాన్యం కొనే వ్యాపారి చేసేదీ ఇదే. బస్తాలో గుచ్చి గుప్పెడు గింజలు తీసి, తాలు ఎంతో చూసి లోడు మొత్తానికి ధర కడతాడు. మళ్లీ గుచ్చితే లెక్క కాస్త మారుతుంది. ఎంత మారవచ్చో చెప్పే సూత్రం ఉంది: చేరిన వంతును చేరని వంతుతో గుణించి, కిరణాల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీయాలి. 0.87, 0.13, వెయ్యి వేసి చూడండి, సుమారు 1.1 శాతం వస్తుంది. లక్ష కిరణాలకు 0.11. తేడా పదో వంతుకు తగ్గాలంటే కిరణాలు వంద రెట్లు కావాలి.

మన ప్రాక్టికల్ పరీక్షల్లో విలువ కలిస్తే మార్కులు, ఎంత తేడా రావచ్చో అడిగేవాళ్లు తక్కువ. అందుకే కంప్యూటర్ నాలుగు దశాంశాలు చూపిస్తే కళ్లకద్దుకుంటాం. ఇది మారాలి.

ఇంకో చిక్కు. డిటెక్టర్‌ను 100×100 గడులుగా విడగొట్టారనుకోండి. లక్ష కిరణాలైనా గడికి సగటున పదే. పదికి వర్గమూలం మూడు పైచిలుకు, అంటే గడి గడికీ 30 శాతం తేడా! బొమ్మలో కనిపించే ఆ మచ్చలు చూసి లెన్సులో లోపమని టెన్షన్ పడతారు. మొత్తం సామర్థ్యం మాత్రం అప్పటికే బాగా కుదిరి ఉంటుంది.

గుప్పెడు పెద్దదైతే చాలదు, బస్తా పైభాగం నుంచే తీస్తే ఎన్ని గింజలైనా అదే తప్పు. ఎల్‌ఈడీని ఒక చుక్కగా పెట్టి కోటి కిరణాలు వదిలినా అంతే. అసలు ఎల్‌ఈడీలో కిరణాలు ఎక్కడెక్కడి నుంచి ఏ దిక్కుకు బయల్దేరతాయో చెప్పే రే ఫైల్‌ను తయారీదారు ఇస్తాడు, అదే వాడాలి.

లెన్సు జోలికి వెళ్లే ముందు ఒక చదునైన అక్రిలిక్ పలక పెట్టి కిరణాలను దానికి లంబంగా వదలండి. వక్రీభవన గుణకం 1.49 కాబట్టి ఒక్కో ముఖం దగ్గర 3.9 శాతం వెనక్కి పోతుంది, రెండు ముఖాలూ దాటాక 92.5 శాతం మిగలాలి. 100 వస్తే ఫ్రెనెల్ నష్టాల (ఇలా ముఖాల దగ్గర వెనక్కి పోయే కాంతి) ఆప్షన్ ఆఫ్‌లో ఉన్నట్టే. తర్వాత లెన్సు చుట్టూ గోళాకారపు డిటెక్టర్ పెట్టి, అక్కడ చేరింది, పదార్థం పీల్చింది, సాఫ్ట్‌వేర్ మరీ బలహీనమని మధ్యలో వదిలేసింది, అన్నీ కూడితే బయల్దేరిన కాంతికి సరిపోవాలి. 100 దాటితే ఏదో కిరణాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఆ 87 శాతంలో నీళ్ల మీద పడేదీ ఉంది, రైతుకు అది దండగే. గట్టు వెడల్పుతో రెండో డిటెక్టర్ పెట్టి, ఆ అంకె కూడా కిరణాల సంఖ్యతో సహా రిపోర్టులో రాయండి.