ఊరికి బువ్వ పెట్టే పరిశ్రమలు, వాటికి దూరంగా కౌన్సిల్

విశాఖలో పురపాలన పరిశ్రమలకంటే పాతది. 1858లో పౌరుల సంఘంగా మొదలై 1866లో మున్సిపాలిటీ అయింది. కానీ ఊరికి బువ్వ పెట్టినవేవీ కౌన్సిల్ తీర్మానంతో రాలేదు. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ వచ్చాయి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పెద్ద సంస్థలు తమ క్వార్టర్లు, రోడ్లు తామే వేసుకున్నాయి. 1978లో పట్టణాభివృద్ధి సంస్థ వుడా వచ్చింది. మరుసటి ఏడాది మున్సిపాలిటీ కార్పొరేషన్ అయ్యేనాటికే మాస్టర్ ప్లాన్ వేరేవాళ్ల బల్ల మీదికి చేరింది.

పట్టణ పాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో మూడోది ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళిక. అది కౌన్సిల్ పని కావాలి. ఇక్కడ జరిగింది వేరు. 2005లో గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) చేశారు. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012లో తీరింది. మళ్లీ ఓటు పడింది 2021 మార్చిలోనే. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన! స్మార్ట్ సిటీ కంపెనీ పెట్టింది 2016లో, అంటే కార్పొరేటర్ ఒక్కరూ లేని కాలంలో. ఈ నష్టాన్ని తక్కువ చేసి చూడకూడదు.

సంస్థలు కలిసి నడవక తప్పనిది నీళ్ల దగ్గర. సుమారు 150 కిలోమీటర్ల ఏలేరు ఎడమ కాలువ నీళ్లే నగరానికీ ఉక్కు కర్మాగారానికీ ప్రధాన ఆధారం. తెరిచి ఉన్న కాలువ కాబట్టి దారిలో కొంత ఇంకుతుంది, కొంత ఆవిరవుతుంది. గండి పడితే ఇళ్లకూ కర్మాగారానికీ ఒకేసారి ఇబ్బంది. ఈ నీటి సరఫరాకు విస్కో అనే ప్రత్యేక కంపెనీ ఏర్పడింది.

డబ్బు దగ్గర ఆ పొత్తు కుదరదు. రైల్వే, నేవీ స్థలాలు ఊళ్లో చాలా ఉన్నాయి. కేంద్రం ఆస్తులకు 285వ అధికరణం కింద ఆస్తిపన్ను లేదు, సేవారుసుమే వసూలు చేయాలి. 2009 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం అన్ని సేవలూ అందితే ఆస్తిపన్నులో 75 శాతం, కొన్నే అందితే 50, ఏవీ వాడుకోకపోతే 33.3 శాతం. దానికి రెండు పక్షాలూ ఒప్పందం రాసుకోవాలి. ముందు భవనాల కొలతలు కలిసి తీయాలి, తర్వాత నీళ్లు, డ్రైనేజీ, చెత్త, వీధిదీపాల్లో ఏది ఎవరు చూస్తున్నారో కాలనీవారీగా రాయాలి. ఆ జాబితా లేకుండా డిమాండ్ నోటీసు పంపితే అవతలివాళ్లు తక్కువ శ్లాబే తమదంటారు, ఏళ్ల తరబడి బకాయి పేరుకుంటుంది.