నెల్లూరులో ఉచిత వినోదానికి డబ్బు ఎక్కడిది? 2017 జులై 1న ఏం పోయింది?

ఇంటిపన్ను నోటీసులు అందే రోజుల్లో నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఒకే ప్రశ్న మళ్లీ లేస్తుంది. కాలువల్లో పూడిక తీయడానికే డబ్బుల్లేవని చెప్పే కార్పొరేషన్ ఉచిత కచేరీలకు, నాటకాలకు, ఉత్సవాల స్టేజీలకు ఎందుకు ఖర్చు పెట్టాలి? ఈసారి కూడా వాదన అక్కడే మొదలైంది. మా పన్ను డబ్బుతో ఆటపాటలా అని ఒకరు, ఊరికి ఆటపాట కూడా కావాలని మరొకరు. ఈ గొడవలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. ఈ ఊళ్లలో వినోదం మీదే వేసే పన్ను ఉండేది. ఆ డబ్బులో చాలా భాగం స్థానిక సంస్థల ఖాతాకే తిరిగి వచ్చేది. 2017 జులై 1 నుంచి అది లేదు.

వినోదపు పన్ను పుట్టుక గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. 1939లో మద్రాసు ప్రెసిడెన్సీ చట్టంగా వచ్చింది, మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక మనకూ అదే కొనసాగింది. వసూలు చేసేది వాణిజ్య పన్నుల శాఖ. వాటా అందేది మున్సిపాలిటీలకు, పంచాయతీలకు. అసలు చూడాల్సింది 1984లో జరిగిన మార్పు. అంతకుముందు అమ్ముడైన టికెట్ల లెక్క మీద పన్ను. 1984 జనవరి నుంచి స్లాబ్ పద్ధతి వచ్చింది. హాలు నిండితే ఒక ఆటకు ఎంత వసూలవుతుందో దాన్ని బట్టి, ఆ హాలు ఏ ఊళ్లో ఉంది, ఏసీయా, మామూలుదా, టూరింగ్ టాకీసా అన్నదాన్ని బట్టి పన్ను కట్టాలి. జనం వచ్చినా రాకపోయినా ఆ లెక్క ఆ లెక్కే. థియేటర్ యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1993లో కోర్టు ఈ పద్ధతి చెల్లుతుందని తీర్పు చెప్పింది.

యజమానులకు అది భారమే. ఊరికి మాత్రం మేలు జరిగింది. హాళ్లు ఉన్నంతకాలం ఎంత పన్ను రావాలో మున్సిపల్ ఆఫీసుకు ముందే ఒక అంచనా దొరికేది. వాటా సకాలంలో ఇవ్వడం లేదన్న ఫిర్యాదు అప్పుడూ ఉండేది. తర్వాత రేట్లు, పద్ధతులు పలుమార్లు మారాయి. అయినా సినిమా చూసినవాడి జేబులోంచి వచ్చిన డబ్బు ఆ ఊరి లైట్లకో పార్కుకో చేరే దారి ఉండేది. ఆ డబ్బును కళలకే వాడాలని చట్టంలో ఎక్కడా లేదు. మున్సిపల్ సాధారణ నిధుల్లో కలిసిపోయేది. ఆ లోపాన్ని అప్పట్లోనే సరిదిద్దుకుని ఉంటే ఇవాళ ఈ తగాదా సగం తగ్గేది.

ఇక 2017కు వద్దాం. నా ఉద్దేశంలో ఇప్పటి గొడవకు మూలం మొత్తం అక్కడే ఉంది. జీఎస్టీ కోసం చేసిన 101వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల జాబితాలో, అంటే రాష్ట్రాలు చట్టాలు చేయగల అంశాల జాబితాలో, చాలా అంశాలను మార్చింది. మనకు కావాల్సినవి రెండు. 55వ అంశం, అంటే ప్రకటనల మీద పన్ను, పూర్తిగా తీసేశారు. 62వ అంశం, అంటే వినోదాల మీద పన్ను, రాష్ట్రం చేతిలోంచి తీసేసి, పంచాయతీలు, మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థలు తామే వేసి తామే వసూలు చేసుకునే మేరకు మిగిల్చారు. ట్రంకు రోడ్డు మీద, మద్రాసు బస్టాండు దగ్గర, అయ్యప్పగుడి సెంటర్లో కనిపించే హోర్డింగుల మీద పన్ను వేసే అధికారం, సినిమా హాళ్ల పన్నులో వాటా, రెండూ ఒక్క రోజే పోయాయి. బజారులో జనం చూసే వాటి మీద ఊరికి వచ్చే ఆదాయాలు ఈ రెండే. హోర్డింగుల నుంచి ఫీజులు, స్థలం అద్దెలు వసూలు చేసుకోవచ్చు గానీ పన్నుగా వేయడానికి వీల్లేదు.

దానికి బదులు ఏం వచ్చింది? రాష్ట్రాలకు నష్టపరిహారం వచ్చింది. 2015-16 ఆదాయాన్ని ఆధారంగా తీసుకుని, ఏడాదికి 14 శాతం పెరుగుదల లెక్కగట్టి, ఐదేళ్లపాటు, 2022 జూన్ వరకు కేంద్రం ఇచ్చింది. అందింది రాష్ట్ర ఖజానాకు. మహారాష్ట్ర ఇక్కడ జాగ్రత్తపడింది. ఆక్ట్రాయ్ (ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే పన్ను) లాంటివి పోగొట్టుకున్న కార్పొరేషన్లకు నష్టం భర్తీ చేయాలని 2017లోనే విడిగా చట్టం చేసింది. తమిళనాడు ఇంకో దారి పట్టింది. సవరణలో మిగిలిన ఆ చిన్న తలుపు తెరిచి, స్థానిక సంస్థలకు వినోదపు పన్ను దక్కేలా చట్టం చేసుకుంది. 2017 జులై మొదటి వారంలో అక్కడ థియేటర్లు మూసేసి నిరసన తెలిపారు. అక్టోబరులో కొత్త తమిళ సినిమాల మీద రేటును 10 నుంచి 8 శాతానికి తగ్గించారు. గొడవ జరిగింది, రేటు తగ్గింది, పన్ను మాత్రం ఊళ్ల పేరు మీద నిలిచింది. తడ దాటితే తమిళనాడే. అంత దగ్గరలో జరిగిన ఈ సంగతి మన కౌన్సిళ్లలో పెద్ద చర్చ కాలేదు.

మన దగ్గర సినిమా టికెట్ల మీద పెద్ద రభసే జరిగింది, అయితే వేరే విషయంలో. 2021 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 35 టికెట్ ధరలకు పరిమితులు పెట్టింది. పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లలో నేల టికెట్ 5 రూపాయలు. 2022 మార్చిలో జీవో 13 దాన్ని మార్చింది. ఆ ఏడాది పొడవునా నిర్మాతలు, హీరోలు, ప్రభుత్వం మాట్లాడుతూనే ఉన్నారు. టికెట్ మీద కట్టే జీఎస్టీలో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి పోతుంటే, హాలు ఉన్న ఊరికి నేరుగా ఏమొస్తోందన్న ప్రశ్న మాత్రం వినపడలేదు.

అదే 2021 ఏప్రిల్‌లో మరో మార్పు వచ్చి ఈ గాయాన్ని పెద్దది చేసింది. ఇంటిపన్నును అద్దె విలువను బట్టి కాకుండా ఆస్తి మూలధన విలువను బట్టి వేయడం మొదలైంది. పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదన్న పరిమితి ఉంది. ఆ పరిమితి ఉన్నా ఏటా నోటీసులో అంకె పెరుగుతుంటే జనానికి కోపం రాదా? స్టోన్‌హౌస్‌పేటలో చిన్న ఇల్లున్న రిటైరైన ఉద్యోగికి తను కట్టిన పన్ను స్టేజీ మీది లైట్లకు పోతోందనిపిస్తే అది అన్యాయమైన అనుమానం కాదు. పన్ను చెల్లింపుదారుల వాదనలో ఈ మేరకు నిజం ఉంది. ముందు తాగునీరు, డ్రైనేజీ, దోమలు, ఆ తర్వాతే మిగతావి అని వాళ్లంటారు.

కళాకారుల మాట కొంచెం నిదానంగా వినాలి, ఎందుకంటే బడ్జెట్ మీటింగుల్లో వాళ్లకు కుర్చీ ఉండదు. ఒక పద్యనాటకం ఆడాలంటే నటులు ఒక్కరే సరిపోరు. హార్మోనిస్టు, తబలా, మేకప్ మనిషి, అద్దె డ్రస్సులు, కిరీటాలు, సీన్లు, మైకు సెట్టు, వ్యాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈ పని మీద బతికేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు డబ్బిచ్చేది తిరునాళ్ల కమిటీలు, దేవస్థానాలు, దాతలు. ఆ సీజన్ అయిపోతే చేతిలో పని ఉండదు. కులం, గుడి, పార్టీ అడగకుండా, టికెట్ లేకుండా, ఎవరైనా వచ్చి కూర్చోగలిగిన స్టేజీ ఏర్పాటు చేయగలిగింది మున్సిపాలిటీ ఒక్కటే. రేబాలవారి పురమందిరం లాంటి హాలు ఈ ఊరికి ఒక దాత ఇచ్చిన వరం. కానీ ఏడాది పొడవునా ఆట ఆడించే ఖర్చు దాతల మీద వేయలేం.

పైగా ఇది కార్పొరేషన్ దయతో చేసే పని కూడా కాదు. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగిన బాధ్యతలు 18 ఉన్నాయి. 12వది పార్కులు, తోటలు, ఆటస్థలాలు. 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాలను ప్రోత్సహించడం. నీటి సరఫరా ఉన్న జాబితాలోనే ఇదీ ఉంది. బాధ్యతను జాబితాలో ఉంచి, దానికి దగ్గరి ఆదాయాన్ని 2017లో తీసేశారు.

దీనికే అని పేరు పెట్టిన నిధి లేకపోతే ఏమవుతుందో ఫ్లెమింగో ఫెస్టివల్ చూపిస్తుంది. 2001లో నెల్లూరు జిల్లా పండుగగా మొదలైంది, నేలపట్టు పక్షుల కేంద్రానికి వచ్చే పక్షుల కోసం. 2020 తర్వాత ఆగిపోయి మళ్లీ 2025 జనవరిలో జరిగింది. మధ్యలో 2022లో, ఈ పండుగ జరిగే సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పక్షులు ఏటా వచ్చాయి. పండుగ మాత్రం ఆ ఏటి ప్రభుత్వం, అధికారుల నిర్ణయం మీద ఆధారపడింది.

పేరున్న నిధికి ఉదాహరణ మన ఇంటిపన్ను బిల్లులోనే ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్ వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. చాలా మున్సిపాలిటీలు వసూలు చేసి ఇవ్వకుండా బకాయిలు పెట్టాయి, అది వేరే బాధ. అయినా బకాయి అని అడగడానికి ఒక అంకె ఉంది. నాటకానికి ఆ అంకె కూడా లేదు.

బయట దేశాల్లో ఇది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో 1948లోనే స్థానిక సంస్థలు వినోదం మీద, ఆస్తి అద్దె విలువలో పౌండుకు ఆరు పెన్నీల స్థానిక పన్నుతో వచ్చేంత దాకా ఖర్చు చేయవచ్చని చట్టం అనుమతించింది. అమెరికాలోని డెన్వర్ ప్రాంతంలో 1988లో ఓటర్లు తామే ఒప్పుకుని అమ్మకాల మీద 0.1 శాతం పన్నును, అంటే పది డాలర్లకు ఒక సెంటును, మ్యూజియాలకు, జూకు, నాటక, సంగీత సంస్థలకు కేటాయించారు. అక్కడ ఏడాదిలో కొన్ని రోజులు ప్రవేశం ఉచితం. ఎంత పోతోందో, ఎందుకు పోతోందో కట్టేవాడికి తెలుసు.

2025 సెప్టెంబరు 22న వంద రూపాయల లోపు సినిమా టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకు మించిన టికెట్ల మీద 18 శాతం అలాగే ఉంది. ఆ తగ్గిన ఏడు శాతంలో ఒక్క శాతం స్థానిక పన్నుగా వేసి ఉచిత కార్యక్రమాలకే కేటాయిస్తే, వంద రూపాయల టికెట్‌కు రూపాయి. ఇంటి యజమాని మీద పైసా పడదు. రాజ్యాంగంలో 62వ అంశం ఇప్పటికీ అలాగే ఉంది. అయితే కౌన్సిల్ తీర్మానం ఒక్కటే చాలదు, తమిళనాడు చేసినట్టు అసెంబ్లీలో చట్టం కావాలి. ఆ చట్టం కోసం నెల్లూరు, ఒంగోలు కౌన్సిళ్లు ప్రభుత్వానికి రాయవచ్చు. ఇప్పుడు రెండు వైపులా వాదిస్తున్నవాళ్లు కలిసి అడగదగిన కోరిక అది.