సీఎస్‌ఆర్ నిధులు: మన ఊళ్లలో వినిపించే అపోహలు, వాస్తవాలు

కడప జిల్లాలో సిమెంటు ఫ్యాక్టరీల చుట్టుపక్కల గ్రామాల్లో, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులతో పనులు చేయించే స్వచ్ఛంద సంస్థలో నేను పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ఏ గ్రామసభకు వెళ్లినా, ఏ కంపెనీ ఆఫీసులో కూర్చున్నా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినబడతాయి. వాటిని నమ్మడం వల్ల గ్రామాలకూ నష్టమే, కంపెనీలకూ నష్టమే.

అపోహ: సీఎస్‌ఆర్ అంటే యజమాని దయతో చేసే దానం.

కాదు. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడచిన ఆర్థిక సంవత్సరంలో 500 కోట్ల రూపాయల నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడచిన మూడు ఆర్థిక సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఈ పనులకు ఖర్చు చేయాలి. లెక్క లాభం మీద కట్టేది, అమ్మకాల మీద కాదు. తాడిపత్రి, బేతంచర్లల్లోని చిన్న చిన్న బండల పాలిష్ యూనిట్లు ఈ పరిధిలోకి రావు కనుక, వాటి గడప తొక్కి సీఎస్‌ఆర్ అడగడం సబబు కాదు.

అపోహ: ఫ్యాక్టరీ మా పొలిమేరలో ఉంది కనుక ఆ డబ్బంతా మాకే రావాలి.

తాను పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతున్న మాట నిజమే. అయితే అది దిశానిర్దేశమే తప్ప తప్పనిసరి షరతు కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది.

అపోహ: దుమ్ము అణచడానికి నీళ్లు చల్లడం, ఉద్యోగుల పిల్లలకు ఫీజులు కట్టడం కూడా సీఎస్‌ఆరే.

ఈ మాట నేను ఎక్కువగా కంపెనీల వైపు నుంచే విన్నాను. వేరే చట్టం ప్రకారం ఎటూ చేయవలసిన పనిని ఈ పద్దులో రాయకూడదు. కాలుష్య నియంత్రణ కోసం, పర్యావరణ అనుమతుల షరతుల కోసం పెట్టే ఖర్చు అటువంటిదే. ఉద్యోగులకు, వారి కుటుంబాలకు మాత్రమే మేలు చేసే పనులు, పార్టీలకు ఇచ్చే విరాళాలు కూడా చెల్లవు. సున్నపురాయి గనుల నుంచి జిల్లా ఖనిజ నిధికి వెళ్లే సొమ్ము కూడా వేరు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ఆ నిధి వచ్చింది. దాన్ని రాయల్టీతో పాటు కట్టాలి, అది లాభంతో సంబంధం లేని బాకీ. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని ఎగవేయడానికి వీల్లేదు.

అపోహ: కట్టి ఇచ్చేస్తే బాధ్యత తీరిపోయినట్టే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఒక ఊరికి ఆర్వో ప్లాంటు పెట్టించాము. కొబ్బరికాయ కొట్టారు, ఫొటోలు తీశారు, 20 లీటర్ల క్యాను 5 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టారు. ఏడాదిన్నర తర్వాత నేను వెళ్లేసరికి తలుపుకు బీగం వేసి ఉంది. లోపల నీటిని వడకట్టే మెంబ్రేన్ పూడుకుపోయింది, వృథా నీళ్లు పోయే పైపును పాత చేదబావి పక్కనే వదిలేశారు. డ్వాక్రా సంఘం లీడరు ఒకామె నిలదీసింది: "సారూ, కట్టినారు, బాగానే ఉండాది. ఫిల్టరు మార్చేదానికి దుడ్లు ఎవరియ్యాల?" నేను రాసిన ఒప్పందంలో నిర్వహణ అనే గడే లేదు.

తర్వాత పద్ధతి మార్చాము. ప్లాంటును మహిళా సంఘానికి అప్పగించి, క్యానుకు 2 రూపాయల చొప్పున విడిగా బ్యాంకు ఖాతాలో జమ చేయించి, రోజూ నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు రీడింగు పుస్తకంలో రాయించాము. వృథా నీటిని బావికి దూరంగా గుంతలోకి మళ్లించాము. సీఎస్‌ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదని, లబ్ధిదారుల సంఘాల వద్ద గానీ, ప్రభుత్వ సంస్థ వద్ద గానీ, నమోదైన ట్రస్టు వంటి సంస్థ వద్ద గానీ ఉండాలని 2021 నియమాలు చెబుతున్నాయి. కాబట్టి ఎవరికి అప్పగిస్తామన్నది పునాది తీయకముందే తేలవలసిన విషయం.

అపోహ: ఖర్చు చేయని డబ్బు కంపెనీకే మిగిలిపోతుంది.

మిగలదు. కొనసాగుతున్న పనికి చెందినదైతే సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి. అలాంటి పనికి చెందనిదైతే సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లో చట్టం పేర్కొన్న నిధికి బదిలీ చేయాలి. పన్ను మిగుల్చుకోవడానికే ఇస్తారన్న మాట కూడా చాలామట్టుకు తప్పు, ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా ఆదాయ పన్ను చట్టం ఒప్పుకోదు.

అపోహ: 2 శాతం ఇచ్చిన కంపెనీ మంచి పౌరుడు.

ఆ 2 శాతం ఎలా ఖర్చయిందో చూసే ముందు, లాభం ఎలా వచ్చిందో చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. గని దగ్గరి నుంచి వచ్చే లారీ మీద పట్ట కప్పారా, కాంట్రాక్టు కూలీకి పీఎఫ్ కడుతున్నారా, చిన్న యూనిట్లకు బిల్లులు చట్టం చెప్పిన 45 రోజుల లోపు చెల్లిస్తున్నారా అన్నవి బడికి బెంచీలు ఇవ్వడం కంటే ముందు అడగవలసిన ప్రశ్నలు. 2022-23 నుంచి పెద్ద లిస్టెడ్ కంపెనీలు వెయ్యింటిని ఇలాంటి విషయాలు ఏటా నివేదించమని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అడుగుతోంది. కొత్త పని ఒప్పుకునే ముందు మేము కూడా ఊరి రోడ్డు పక్క పత్తి చేలోకి దిగి, ఆకుల మీద దుమ్ము ఎంత పేరుకుందో చేత్తో తుడిచి చూసి, ఆ సంగతి ఆ పని కాగితాల మొదటి పేజీలోనే రాస్తున్నాము.