మిద్దె మీది గదిలో చీలిన గ్రిప్

పోయిన ఏప్రిల్‌లో మా మిద్దె మీది గదిలో రెండు క్రికెట్ బ్యాట్లు మూలన నిలబెట్టి మరిచిపోయాను. ఒకదాని హ్యాండిల్‌కి మెత్తని ఎర్ర రబ్బరు గ్రిప్, ఇంకోదానికి కాస్త గట్టి నల్ల గ్రిప్. ఎర్రదానితో ఆడింది నాలుగు ఆదివారాలే. తొలకరి పడ్డాక తీసి చూస్తే నల్లది బాగానే ఉంది. ఎర్రదానికి మాత్రం హ్యాండిల్ పొడవునా సన్నని చీలికలు, గోరుతో గీసినట్టు. ఆడితే అరిగిపోవాలి గానీ, ఊరికే నిలబెట్టింది చీలడం ఏమిటి?

కొత్తది కొందామని టవర్ క్లాక్ దగ్గరి షాపుకి వెళ్తే అబ్బాయి మొదట అడిగింది ఇదే: "మెత్తది కావాల్నా అన్నా, మన్నేది కావాల్నా?"

ఆ ప్రశ్న వెనక రబ్బరు కథ అంతా ఉంది. రబ్బరు అంటే వేల కొక్కేలు కలిసిన పొడవాటి గొలుసు అణువుల ముద్ద. పచ్చి రబ్బరు ఎండకు జిగురులా కారుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడి చేస్తే ఈ జబ్బు కుదురుతుందని కనిపెట్టాడు, 1844లో పేటెంట్ తీసుకున్నాడు. గంధకం పక్కపక్క గొలుసులను అక్కడక్కడా ముడివేస్తుంది. వంద పాళ్ల రబ్బరుకి రెండు మూడు పాళ్ల గంధకమైతే చక్కగా సాగుతుంది. ముప్పై పాళ్లు దాటితే ఎబొనైట్ అనే గట్టి పదార్థం అవుతుంది. రాజమండ్రి రత్నం పెన్నుల ఒళ్లు దానితో చేసిందే. చేతిలో అణిగే గ్రిప్పూ, జేబులో నిగనిగలాడే పెన్నూ ఒకే చెట్టు పాలు. తేడా అంతా ముడుల లెక్కలో ఉంది. ఇది తెలిసిన రోజు నాకు చాలా సంతోషమేసింది.

మెత్తదనం మనకెందుకు? అరచేతిలో గీతలూ గుంతలూ ఉంటాయి. మెత్తని రబ్బరు వాటిలోకి ఒదిగి, చర్మాన్ని తాకే చోటు పెంచుతుంది. దాంతో తక్కువ బలంతోనే పట్టు చిక్కుతుంది, ముంజేయి తొందరగా అలిసిపోదు. కానీ అదే మెత్తని రబ్బరు రాపిడికి త్వరగా అరుగుతుంది. చెమట పట్టి పల్చటి నీటి పొర మధ్యలో చేరితే జారుతుంది కూడా.

ఈ చిక్కు అందరికంటే ఎక్కువగా తేల్చుకోవాల్సి వచ్చింది గోల్ఫ్ వాళ్లకి. మేటి ఆటగాడు డ్రైవర్ (బంతిని దూరం కొట్టే గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్బు) ఊపితే దాని తల గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. తల బరువు 200 గ్రాములు, తిరిగే వృత్తం వ్యాసార్ధం ఒకటిన్నర మీటర్లు అనుకుని లెక్క వేశాను. బంతిని తాకే క్షణంలో ఆ క్లబ్బు చేతుల్ని దాదాపు 34 కిలోల బరువు వేలాడినంతగా లాగుతుంది. గ్రిప్ జారితే ఆట పోవడం అటుంచి, క్లబ్బు ఎవరి మీదికి ఎగురుతుందో తెలీదు. అందుకే రబ్బరులో నూలు పోగులు కలిపిన గ్రిప్పులు తెచ్చారు. పోగులు చెమటను పీల్చి, నీటి పొరను చీల్చుకుని చేతిని పట్టుకుంటాయి. ఎక్కువ కాలం మన్నుతాయి, కానీ ఒట్టి చేతికి గరుకుగా ఉంటాయి. తర్వాత వచ్చిన ఉపాయం నాకు మరీ నచ్చింది: గ్లవ్ వేసుకునే పై చేతి దగ్గర నూలు, గ్లవ్ లేని కింది చేతి దగ్గర మెత్తని రబ్బరు. ఒకే గ్రిప్‌లో ఎక్కడికి తగ్గది అక్కడ.

టెన్నిస్ వాళ్ల దారి వేరు. రాకెట్‌కి లోపల ఉండే అసలు గ్రిప్ చాలాకాలం ఉంటుంది. దాని పైన చుట్టే పాలియురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి పట్టీని అరిగినప్పుడల్లా మార్చేస్తారు. మెత్తదనం పైపొర పని, మన్నిక లోపలి పొర పని.

ఇక నా ఎర్ర గ్రిప్ సంగతి. రబ్బరు గొలుసులో ప్రతి కొక్కెం దగ్గరా ఒక జంట బంధం ఉంటుంది. గాలిలోని ఓజోన్ సరిగ్గా అక్కడే కోస్తుంది. ఆకాశంలో పైన మనల్ని కాచే ఓజోన్, నేల దగ్గర వాహనాల పొగ మీద ఎండ పడినప్పుడు పుడుతుంది. పది కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా చాలు. రబ్బరు వదులుగా ఉంటే పైపొర మాత్రమే పాడై ఆగిపోతుంది. సాగదీసి ఉంటే కోత నోరు తెరుచుకుని లోపలి రబ్బరు బయటపడుతుంది, దాన్నీ ఓజోన్ కోస్తుంది. బ్యాటు గ్రిప్ హ్యాండిల్ కంటే సన్నది. దాన్ని సాగదీసే ఎక్కిస్తాం, అది పగలూ రాత్రీ హ్యాండిల్ చుట్టూ బిగిసే ఉంటుంది. లాగుడుకి అడ్డంగా చీలిక వస్తుంది కాబట్టి, అది హ్యాండిల్ పొడవునా సాగుతుంది. నా బ్యాటు మీద ఉన్న గీతలు అవే.

దానికి ఎండ తోడైంది. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలితనం వేగం స్థూలంగా రెండింతలవుతుంది. వేసవి మధ్యాహ్నం రేకుల గది ఎంత కాగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నల్ల గ్రిప్‌కి మాత్రం ఒక రక్ష ఉంది. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను తనే పీల్చుకుంటుంది, రబ్బరుకి బలమూ ఇస్తుంది. టైర్లు నల్లగా ఉండేది అందుకే. రంగు గ్రిప్పులకి ఈ సాయం ఉండదు.

నూనె కూడా రబ్బరుకి పడదు. వేయించిన చెనక్కాయలు తింటూ అదే చేత్తో బ్యాటు పట్టుకునే అలవాటు మాలో చాలామందికి ఉంది. నూనె లోపలికి ఇంకి రబ్బరు ఉబ్బుతుంది, పైన జిడ్డు పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, గుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే జిడ్డు వదిలి, పోయిన పట్టు చాలావరకు తిరిగొస్తుంది. పెట్రోలు, థిన్నర్‌ల జోలికి మాత్రం వెళ్లకండి.

షాపు అబ్బాయికి చివరికి మెత్తదే ఇమ్మన్నాను, ఈసారి నల్లది. బ్యాట్లు ఇప్పుడు మిద్దె దిగి, కింది గదిలో బియ్యం డ్రమ్ము వెనక చీకటి మూలలో ఉంటున్నాయి.