చర్మం ఏ పొర దగ్గర ఊడుతోంది? పుట్టుకతో వచ్చే బొబ్బల జబ్బుపై అపోహలు - వాస్తవాలు

పసిబిడ్డకు రాపిడి తగిలిన చోటల్లా నీటిబొబ్బలు లేస్తుంటే ఇంట్లో ముందు వినిపించే మాటలు అమ్మవారు, వేడి, గ్రహణం. దీని అసలు పేరు ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా, పొట్టిగా ఈబీ.

అపోహ: ఇది అంటుకుంటుంది.
అంటుకోదు. చర్మం పొరల్ని పట్టి ఉంచే ప్రొటీన్లలో ఏదో ఒకటి జన్యులోపం వల్ల సరిగా తయారవదు, అంతే. ఎత్తుకున్నా, పక్కన పడుకున్నా ఏమీ కాదు. అమ్మవారనుకుని వేపమండలతో ఒళ్లు తుడిస్తే మాత్రం ఆ రాపిడికే కొత్త బొబ్బలు లేస్తాయి.

అపోహ: చూడగానే ఏ రకమో చెప్పేయొచ్చు.
నెలలోపు బిడ్డను చూసి అనుభవమున్న డాక్టర్లూ పొరబడతారు. ఈబీలో సింప్లెక్స్, జంక్షనల్, డిస్ట్రోఫిక్, కిండ్లర్ అనే రకాలున్నాయి. సింప్లెక్స్ రకంలో ఎక్కువగా కెరటిన్ 5 లేదా 14 అనే ప్రొటీన్ దెబ్బతింటుంది. ఇవి కణం లోపల వాసాల్లాంటివి. వాసం విరిగితే పైపొర అడుగు కణాలే చిట్లిపోతాయి. జంక్షనల్‌లో రెండు పొరల మధ్య జిగురుగా ఉండే లామినిన్ 332, కొల్లాజెన్ 17 వంటివి లోపిస్తాయి. డిస్ట్రోఫిక్‌లో ఊడేది ఇంకా కింద. అక్కడ కొక్కేల్లా పట్టి ఉంచేది కొల్లాజెన్ 7. అందుకే ఈ రకంలో పుండు మానినా మచ్చ మిగులుతుంది. తీవ్రమైతే వేళ్లు అతుక్కుపోతాయి, అన్నవాహిక సన్నబడుతుంది, యవ్వనంలోనే చర్మ క్యాన్సర్ రావచ్చు. కిండ్లర్ అనే అరుదైన రకంలో ఒకటికి మించిన పొరల్లో చీలిక ఉంటుంది, ఎండా పడదు.

రకం తేల్చాలంటే బయాప్సీని, అంటే చర్మం ముక్కను, ఇమ్యునోఫ్లోరెసెన్స్‌తో (ఏ ప్రొటీన్ ఎక్కడుందో మెరిసే రంగుతో చూపే పద్ధతి) చూడాలి, లేదా జన్యుపరీక్ష చేయాలి. ముక్క తీసేది పాత బొబ్బ నుంచి కాదు. దాని అడుగున కొత్త చర్మం పెరిగిపోయి, చీలిక తప్పు పొరలో కనిపిస్తుంది. బాగున్న చోట పెన్సిల్ రబ్బరుతో సున్నితంగా తిప్పి రుద్ది, అప్పుడే లేచిన బొబ్బ అంచు నుంచి తీయాలి. ముక్కల్ని మామూలుగా నిల్వచేసే ఫార్మలిన్‌లో వేస్తే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు పనికిరాదు. మైకేల్స్ ద్రావణంలో పంపాలి.

అపోహ: స్టెరాయిడ్లతో తగ్గుతుంది.
ఇది పెంఫిగస్ అనే మరో బొబ్బల జబ్బుతో గందరగోళం. అందులో శరీరమే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్‌పై దాడి చేస్తుంది కాబట్టి ఆ దాడిని అణచాలి. ఈబీలో ప్రొటీనే సరిగా లేదు, అణచడానికేముంది? స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే పుండ్లు మానడం ఆలస్యమవుతుంది.

అపోహ: బొబ్బను ముట్టుకోకూడదు.
వదిలేస్తే లోపలి నీటి ఒత్తిడికి పక్కలకు పాకుతుంది. స్టెరైల్ సూదితో, బొబ్బకు అన్నింటికన్నా కింది చోట, చర్మానికి సమాంతరంగా గుచ్చి, గాజుగుడ్డతో మెల్లగా అద్ది నీరు పోనివ్వాలి. పైతోలు పీకొద్దు, పుండుకు అదే కప్పు. దానిమీద అతుక్కోని సిలికాన్ డ్రెస్సింగ్ గానీ వాసెలిన్ పట్టించిన గాజుగుడ్డ గానీ వేయాలి. మామూలు ప్లాస్టర్ ఎక్కడా వద్దు, సెలైన్ సూది దగ్గర కూడా. కట్టు అతుక్కుంటే లాగకుండా, లీటరు గోరువెచ్చని నీటికి 9 గ్రాముల ఉప్పు కలిపి నానబెట్టండి. బొడ్డుకు ప్లాస్టిక్ క్లిప్ బదులు దారం కట్టాలి. చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దు, మెత్తటి పరుపుతో సహా ఎత్తండి. చొక్కా తిరగేసి తొడిగితే కుట్లు ఒరుసుకోవు.

అపోహ: మేనరికం లేదు కాబట్టి మాకు రాదు.
సింప్లెక్స్‌కు సాధారణంగా జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కదానిలో లోపమున్నా చాలు, ఆ లోపం బిడ్డలోనే కొత్తగా పుట్టవచ్చు. జంక్షనల్‌కు, తీవ్రమైన డిస్ట్రోఫిక్‌కు మాత్రం తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం రావాలి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉన్న జంటకు ప్రతి కాన్పులోనూ 25 శాతం ముప్పు ఉంటుంది. ‘ఒకరికి వచ్చేసింది, ఇక మిగతా ముగ్గురికి రాదు’ అనేది తప్పు లెక్క. మొదటి బిడ్డ జన్యులోపం తెలిసి ఉంటేనే తర్వాతి గర్భంలో మూడో నెలలో మాయ నుంచి ముక్క తీసి పరీక్షించగలం. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు.

అపోహ: జన్యుచికిత్స వచ్చింది, ఇక అందరికీ నయం.
జర్మనీలో ఒక సిరియా బాలుడికి జన్యువు సరిచేసి పెంచిన చర్మాన్ని ఒంటిలో సుమారు 80 శాతం మేర అతికించిన సంగతి 2017లో ప్రచురితమైంది. అతనిది జంక్షనల్. 2023 మేలో అమెరికా అనుమతించిన పూత మందు కొల్లాజెన్ 7 జన్యువును పుండులోకి చేరుస్తుంది, అంటే డిస్ట్రోఫిక్‌కే. కెరటిన్ లోపమున్న బిడ్డకు ఆ పూత ఎంత రాసినా ఉపయోగం లేదు.