బుగ్గలో కండ నిద్రపోతే

చిరంజీవులు బుజ్జికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

నిద్రలో పళ్ళు కొరికే పిన్నికి దవడ కండలో ఇంజెక్షన్ ఇచ్చారట కదా. కదలని కండ కుళ్ళిపోతుందా అని అడిగావు బుజ్జీ. కుళ్ళదు. అలాగని ఉన్నట్టే ఉండదు.

కండని ఒక ఇల్లనుకో. నరం గుమ్మం దాకా వచ్చి కాలింగ్ బెల్ నొక్కే మనిషి. నొక్కే వేలు అసిటైల్‌కోలిన్ అనే రసాయనం. బెల్ మోగగానే లోపల కాల్షియం పొంగుతుంది, కండ పోగుల్లోని సన్నటి దారాలు ఒకదాని పక్కన ఒకటి జారి కండ బిగుస్తుంది. పిన్నికిచ్చిన బొటులినం మందు ఇంటి జోలికి పోదు, ఆ వేలు బయటికి రాకుండా పట్టేస్తుంది.

పిలుపు లేని ఇంట్లో ఏం చేస్తారు? పొయ్యిలు తగ్గిస్తారు. అంటే శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు తగ్గుతాయి. గోడల్లో ఇటుకలు ఊడదీస్తారు. కొత్త ప్రొటీన్ కట్టడం తగ్గి, ఉన్నది విప్పడం పెరిగి కండ సన్నబడుతుంది. ఓపిగ్గా పనిచేసే పోగులు కొన్ని తొందరగా అలిసిపోయే రకంగా మారతాయి. ఇంకో వింత, గుమ్మం దగ్గరే ఉండాల్సిన బెల్లులు గోడలనిండా మొలుస్తాయి! ఎక్కడ నొక్కినా వినపడాలని కాబోలు. ఏ ఇల్లూ ఇలా చేయదని నాకూ తెలుసు, కానీ ఈ పోలికని వదలబుద్ధి కావట్లేదు.

నా పదేళ్ళప్పుడు వద్దన్న గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. 6 వారాలకి కట్టు విప్పితే లోపల ఉన్నది నా చెయ్యి కాదు, ఎవరిదో పుల్ల! సిగ్గేసి చాన్నాళ్ళు పొడుగుచేతుల చొక్కాలే వేసుకున్నాను. వాడనిదాన్ని ఒళ్ళు ఊరికే మేపదని అప్పుడే తెలిసింది. పెద్దల మాట వినాలనీ తెలిసిందనుకో, అది ఎన్నాళ్ళు నిలిచిందో అడక్కండి.

పిన్ని తిండికి టెన్షన్ పడకండి. కణతల్లోనూ దవడ లోపలా వేరే కండలున్నాయి, అవి పని పంచుకుంటాయి. కొరికే బలం మాత్రం కొన్నాళ్ళు తగ్గుతుంది. 3, 4 నెలల్లో నరం తేరుకుంటుంది. మధ్యలో దాని కొసల నుంచి సన్నటి చిగుళ్ళు కూడా వేసి కండని వెతుక్కుంటుంది. చీకట్లో దారెలా దొరుకుతుంది చిన్నోడా? ఇక్కడ నా ఇల్లూ బెల్లూ ఎందుకూ పనికిరావు. నాకు ఆశ్చర్యమే మిగిలింది.

ఇప్పుడు చెవి కింద, దవడ మలుపు మీద వేళ్ళు పెట్టి పళ్ళు గట్టిగా బిగించండి. ఉబ్బింది చూశారా, అదే మాసెటర్, పిన్నికి ఇంజెక్షన్ ఇచ్చిన దవడ కండ. వేళ్ళు అలాగే కణతల మీదికి జరిపి మళ్ళీ బిగించండి. అక్కడా ఎవరో కదులుతున్నారు.

మీ తాతయ్య