సాగర్ రోడ్డు వెంట పట్నం పోయిన నీళ్లు, మనుషులు

హైదరాబాద్‌లో ఉన్నోళ్లకూ లేనోళ్లకూ మధ్య తేడా అనగానే అందరూ ఒక పక్క హైటెక్ సిటీని, ఇంకో పక్క బస్తీని చూపిస్తారు. బస్తీలో ఉన్న మనిషి అసలు అక్కడికి ఎందుకొచ్చాడు అన్నది మాత్రం ఎవరూ అడగరు. ఆ కథ చాలావరకు మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో, అదీ నీళ్ల దగ్గర మొదలైంది.

1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) పట్నానికి చాలాకాలం సరిపోయాయి. 1960ల్లో మంజీరా నీళ్లు తెచ్చారు, అవీ చాలలేదు, ఇక కృష్ణ మీద పడ్డారు. కృష్ణ ఉన్నది నల్లగొండలో. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలితే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ మాత్రం ఎత్తు మీద ఉండి ఎండిపోయాయి, డ్యామ్ సొంత జిల్లాలోనే ఉన్నా బోరు నీళ్లే గతి. ఆ బోర్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రమాణం ఉంది, ఈ ఊళ్లలో అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లే తరాలుగా తాగారు. వెన్నెముక బిగుసుకుపోయిన పెద్దమనిషిని వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పి చూడలేడు, నిలువునా ఒళ్లంతా తిప్పుకోవాలి. నలభై ఏళ్లకే కట్టె పట్టుకున్నవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లో ఉన్నారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరుపెట్టి ఆఫ్రికా దేశాల దాకా తీసుకుపోయారు, మా ఇళ్లకు మాత్రం నల్లా రాలేదు.

జనం ఊరుకోలేదు. మంచి నీళ్ల కోసం పోరాడిన జలసాధన సమితి ఉద్యమంలో భాగంగా, మా గోస అందరికీ తెలియాలని 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఏకంగా 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. నీళ్ల కోసం ఇంత పట్టుదలగా, ఇంత శాంతిగా జరిగిన పోరాటాలు ఈ దేశంలో ఎన్ని ఉన్నాయో చెప్పండి! శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు మా జిల్లాకు తేవడానికి అప్పటికే కాగితాల మీదున్న శ్రీశైలం ఎడమగట్టు సొరంగం మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అది కూలితే లోపల చిక్కుకున్న ఎనిమిది మంది కూడా పొట్ట చేతబట్టుకొని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే.

సాగర్ వెనక నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి తెచ్చారు. ఆ నీళ్లు మా పొలాలకు కొంత వచ్చాయి, కాదనను. కానీ 2004లో మొదటి దశ, 2008లో రెండో దశ, 2015లో మూడో దశ అంటూ కోదండాపూర్‌లో శుద్ధి చేసిన నీళ్లు నసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా పట్నం అంచున సాహెబ్‌నగర్‌కు చేరాయి. మూడు దశలు కలిపి రోజుకు 27 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 120 కోట్ల లీటర్లు. ఆ పైపులు ఫ్లోరైడ్ ఊళ్ల పక్క నుంచే పోతాయి. వాల్వు కారే చోట ఆడవాళ్లు చెంబుతో ఆ కారే నీళ్లు పట్టి బిందెలోకి ఒంపుకోవడం సాగర్ రోడ్డు మీద తిరిగినవాళ్లంతా చూసిందే. ఇంటింటికీ నల్లా అన్న మాట 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశాక గాని మా వైపు రాలేదు.

అదే రోడ్డున మనుషులూ పోయారు. దేవరకొండ, చందంపేట తండాల వాళ్లు బస్సెక్కి ఎల్బీనగర్ చుట్టుపక్కల దిగారు. పాలమూరు వలస ఇంకా పాతది. కూలీలను గుంపులుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని, ముసలివాళ్లను ఇంట్లో వదిలి, పసిపిల్లలను చంకనేసుకొని సాగర్ సహా దేశంలోని ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసిన వాళ్లు, తర్వాత హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు సిమెంటు మోశారు. నీళ్లు లేక వదిలిన ఊరి పక్క నుంచి వచ్చిన కృష్ణ నీళ్లు పట్నంలో వాళ్ల గుడిసె దాకా వచ్చాయా అంటే అదీ పూర్తిగా లేదు. చాలా చోట్ల నల్లా రోజు విడిచి రోజే వస్తుంది. సంపు, మోటారు ఉన్న ఇంట్లో ఆ తేడా తెలియదు, రెండు డ్రమ్ములు మాత్రమే ఉన్న ఇంట్లో పనికి పోవాలా నల్లా కోసం ఆగాలా అని టెన్షన్. ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. 2021లో నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్నారు, మంచి పనే, కానీ నీళ్లు ఏ టైముకు వస్తాయన్నది బిల్లుతో తేలేది కాదు.

పట్నం వాడి పారేసిన నీళ్లు మూసీలో పడి మళ్లీ మన వైపే వస్తున్నాయి. పోచంపల్లి, వలిగొండ దాకా ఆ నురగ నీళ్లతోనే వరి పండిస్తున్నారు, నాట్లకు దిగిన ఆడవాళ్ల కాళ్లు దురదలతో పుండ్లవుతున్నాయి. 2024లో ప్రక్షాళన పేరుతో మూసీ ఒడ్డున ఇళ్ల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది గర్భంలో ఉంది, తొలగించాలి అని గుర్తు రాసినప్పుడు ఆ గల్లీల్లో ఏడ్చినవాళ్లు కూడా కూలి చేసుకొని బతికేవాళ్లే. నది బాగుచేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. ముందుగా నగరం మురుగంతా శుద్ధి చేశాకే కిందికి వదలాలి, మూసీ వెంట ప్రతి ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించి ఆ ఫలితాలు పంచాయతీ గోడ మీద రాయించాలి, ఇల్లు ఖాళీ చేయమన్న కుటుంబానికి పని దొరికే చోటికి దగ్గర్లోనే ఇల్లివ్వాలి.